దాతుక్ మాట ఆగిన చోట

పెకన్‌బారు,
2002 మార్చి 9

మామయ్యకి,

అస్సలాము అలైకుం. మీరూ అత్తయ్యా కులాసా అని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను, ఇక్కడి ఎండలే బాగాలేవు. మన కొండల చలిలో పెరిగినదాన్ని తెచ్చి ఈ ఊళ్ళో పడేస్తే పెనం మీద అప్పడంలా వేగిపోతున్నాను. రేడియో స్టేషన్ గదిలో ఏసీ ఉంది కాబట్టి సరిపోయింది. పొద్దుటి కార్యక్రమం ఇప్పుడు నాకే ఇచ్చారు. మైకు ముందు కూర్చుంటే నాకు ఒళ్ళు తెలియదు, అలా మాట్లాడుతూనే ఉంటాను. మొన్న ఒక పెద్దాయన ఫోన్ చేసి, "ఈ అమ్మాయి ఊపిరి ఎప్పుడు తీసుకుంటుందండీ?" అని మా మేనేజర్‌ని అడిగాడట. వంశానికి పెద్ద, దాతుక్ అయిన మీ మేనకోడల్ని మరి, ఆ మాట ఊరికే పోతుందా!

అసలు సంగతికి వస్తాను. అఫ్రిజోన్ గురించి అమ్మ మీకు చెప్పే ఉంటుంది. ఇక్కడ ఐసు ఫ్యాక్టరీలో మెషీన్లు చూసుకుంటాడు. వాళ్ళది మన ఏటి అవతలి ఊరే. తక్కువ మాట్లాడతాడు. నా పక్కన ఉండేవాడికి అది తప్పదు కూడా. మన ఆచారం ప్రకారం వచ్చే నెల ఆడపిల్ల తరఫున మనవాళ్ళే తమలపాకుల పెట్టె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి అబ్బాయిని అడగాలి. వాళ్ళ తరఫున మాట్లాడేది అతని మేనమామ దాతుక్ మారాజో. ఆ పేరు వింటేనే మన జుహార్ చిన్నమామయ్యకి చెమటలు పడతాయి. ఆయనకి ఎదురుగా చాప మీద కూర్చుని, పసంబహన్‌లో, ఆ సంప్రదాయపు సంవాదంలో, మాటకి మాట అప్పజెప్పగలిగింది మన వంశంలో మీరొక్కరే.

చిన్నప్పుడు విందుల్లో మీరూ అవతలి పెద్దా ఆ పాతకాలపు మాటలు ఎంతకీ తెమల్చేవారు కాదు. అవి పూర్తయ్యేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు కదా, నేను ఆకలికి ఏడ్చేదాన్నట. ఈసారి నా కోసం ఎంతసేపు మాట్లాడినా ఏడవను. రోజు మీరే నిర్ణయించండి.

మీ చేతుల్లో పెరిగిన
మర్ని


కోతో రావాంగ్,
2002 మార్చి 24

మర్ని తల్లికి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం సంతలో అందింది. ఈ ఏడు వానలు వదలడం లేదు. దాల్చినచెక్క ఒలవడం, ఆరబెట్టడం, మబ్బు పట్టగానే లోపలికి లాగడం, ఇదే పని. "ఈ ఇంట్లో చెక్కకి ఉన్న చోటు మనకి లేదు" అని మీ అత్తయ్య గొణుగుతోంది. మన వేటకుక్క బెలాంగ్ కూడా పనికిరాకుండా పోయింది. అడవిపంది వస్తే సరే, ఆకు రాలినా మొరుగుతోంది.

కుర్రాడి సంగతి చదివాను. ఐసు ఫ్యాక్టరీ అన్నావు. మంచిదే. అయినా తొందరేముంది? వాళ్ళింటికి వెళ్ళడానికైతే జుహార్ వెళ్తాడు. వాడికీ అలవాటు కావాలి కదా, ఎన్నాళ్ళని నా వెనక కూర్చుని తలూపుతాడు? నాకు ఆ రోజుల్లో పడాంగ్‌కి సరుకు పంపే పని ఉంది.

వేళకి తిను. ఐసు నీళ్ళు తాగకు, గొంతు పోతుంది.

మామయ్య


పెకన్‌బారు,
2002 ఏప్రిల్ 21

మామయ్యకి,

సలాం. ఈసారి ఎండల గురించి రాయను.

అమ్మ టెలిఫోన్ కొట్టుకి వెళ్ళి మరీ నాకు ఫోన్ చేసింది. మీకు ఫోన్ అంటే పడదు కాబట్టి ఇలా రాయాల్సి వస్తోంది. అమ్మ బతిమాలితే చివరికి మీరూ బయల్దేరారట. వాళ్ళింటి మెట్ల దాకా వచ్చి చెప్పులు కూడా విడిచారట. అంతలో మళ్ళీ తొడుక్కుని, "లారీ వచ్చి ఉంటుంది, నేను చూసుకోవాలి" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయారట. "వాళ్ళ మొహాలు చూడలేక చచ్చాననుకో" అంటోంది అమ్మ.

ఆ తర్వాత చిన్నమామయ్య మాట్లాడాడు. "మా అమ్మాయికి మీ అబ్బాయిని" అనాల్సిన చోట "మా అబ్బాయికి మీ అబ్బాయిని" అన్నాడట. ఇల్లంతా నవ్వులు. దాతుక్ మారాజో మాత్రం నవ్వలేదట. "మీ దాతుక్ ఎందుకు వెళ్ళిపోయారు?" అని రెండుసార్లు అడిగారట. సంబంధం ఖాయమైంది, కానీ అందరి నోట్లోనూ అదే ప్రశ్న.

నాకు అర్థమైంది మామయ్యా. మీ ఉత్తరంలోనే ఉంది. "ఐసు ఫ్యాక్టరీ అన్నావు, మంచిదే, అయినా తొందరేముంది." మీకు అఫ్రిజోన్ నచ్చలేదు. నచ్చకపోతే నాతో ఆ మాటే అనండి. లారీని మధ్యలోకి తేకండి.

మర్ని


కోతో రావాంగ్,
2002 మే 5

మర్నికి,

నీ ఉత్తరం చదివి మీ అత్తయ్య ముందు పెట్టాను. "పిల్లకి నిజం చెప్పండి" అంది. అందుకని చెప్తున్నాను. అక్కకి చెప్పకు, కంగారు పడుతుంది.

లారీ లేదు. నా గుండె బాగాలేదు. ఆ రోజు వాళ్ళ మెట్ల దగ్గర ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టయింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి, కళ్ళముందు మనుషులు దూరంగా జరిగిపోయారు. ఇక్కడే పోతాను, నీ పెళ్ళిమాటలనాడే శవమై పడతాను అనిపించింది. వచ్చి కల్వర్టు మీద కూర్చున్నాను. కాసేపటికి తగ్గింది. ఇది మొదటిసారి కాదు.

బుకిట్టింగ్గి ఆసుపత్రికి వెళ్ళి రెండుసార్లు గుండెకి పరీక్ష చేయించాను. కాగితం మీద గీతలు శుభ్రంగా ఉన్నాయన్నారు. "మరి నాకెందుకిలా అవుతోంది?" అంటే "విశ్రాంతి తీసుకోండి" అన్నారు. గుండె బాగున్న మనిషికి ఇలా ఎందుకవుతుంది? ఊళ్ళోవాళ్ళు చెబితే మంత్రగాడి దగ్గరికీ వెళ్ళాను. నిమ్మకాయలు కోసి నీళ్ళలో వేసి చూశాడు. ఎవరో చేయించారన్నాడు. "ఏటి అవతలి నుంచి" అన్నాడు. నేను నమ్మానని కాదు. కానీ ఏటి అవతల ఎవరున్నారో నీకు తెలుసు. పెళ్ళి కొన్నాళ్ళు ఆపితే మంచిదేమో ఆలోచించు.

మామయ్య


పెకన్‌బారు,
2002 మే 17

మామయ్యకి,

సలాం.

మొదటి సగం చదివి ఏడ్చాను. రెండో సగం చదివాక కన్నీళ్ళు ఆగిపోయాయి.

గుండెకేమీ లేదని డాక్టర్లు అంటే మీరు నమ్మలేదు. నిమ్మకాయలు చెబితే నమ్మారు. అది కూడా అఫ్రిజోన్ వాళ్ళ మీదకి వచ్చేసరికి నమ్మారు. నేనేమనుకోవాలి? మొదట ఐసు ఫ్యాక్టరీ, తర్వాత లారీ, ఆ తర్వాత గుండె, ఇప్పుడు చేతబడి. వద్దు అనే ఒక్క మాట చెప్పడానికి ఇన్ని చుట్లు తిరగాలా? పసంబహన్ అలవాటు ఉత్తరాల్లోకి కూడా వచ్చినట్టుంది.

నాన్న పోయాక నన్ను బడికి పంపింది మీరు. మిమ్మల్ని కాదని ఏమీ చెయ్యలేను. చేస్తే జన్మంతా కుమిలిపోతాను. కానీ మామయ్యా, సెప్టెంబర్‌లో పెళ్ళి. ఊళ్ళో వీలుకాకపోతే ఇక్కడే, మసీదులో నికాహ్ చేసుకుంటాం, నన్ను అప్పగించడానికి నాన్న తరఫు బాబాయి ఒక్కడు ఉంటే చాలు. మా ఇంటి పెద్ద ఏడీ అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో మీరే రాసి పంపండి.

మర్ని


కోతో రావాంగ్,
2002 జూన్ 2

మర్ని తల్లీ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇప్పుడు పూర్తి చేసే లేస్తాను.

నీ ఉత్తరం అందాక మళ్ళీ బుకిట్టింగ్గి వెళ్ళాను. గుండె డాక్టర్ మూడోసారి కూడా పరీక్ష చేసి, థైరాయిడ్ రక్తపరీక్ష కూడా చూసి, ఈసారి నన్ను పంపించెయ్యలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "దాతుక్, మీ గుండెకేమీ లేదు. అంటే మీకేమీ లేదని కాదు" అన్నాడు. అని ఇంకో డాక్టర్ పేరు రాసిచ్చాడు. డాక్టర్ యెట్టి. మనసు జబ్బుల డాక్టర్. ఆ బోర్డు చూసి నేను రోడ్డు దాటి అవతల పుల్లకి గుచ్చి కాల్చిన సాటే మాంసం అమ్మే కొట్టులో కూర్చున్నాను. తలపాగా చుట్టుకున్న దాతుక్ పిచ్చి డాక్టర్ గుమ్మం ఎక్కుతున్నాడని ఎవరైనా చూస్తే? మీ అత్తయ్య నా ముందున్న పళ్ళెం పక్కకి తోసి, "మీరు వెళ్తారా, మీ బదులు నేను వెళ్ళి మీ సంగతంతా చెప్పనా?" అంది. దానికి భయపడి వెళ్ళాను.

ఆవిడ నా కూతురి వయసు ఉంటుందేమో. ఎప్పుడు మొదలైందని అడిగింది. పోయినేడు మన సుతాన్ కాకా చావువిందులో. నేను పసంబహన్‌లో జవాబు చెబుతూ మధ్యలో ఉన్నాను. గదిలో ఉక్కగా ఉంది, అంతకుముందు రాత్రి నిద్ర లేదు. ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకోవడం మొదలెట్టింది. తర్వాతి మాట మర్చిపోయాను. పోతున్నాననే అనుకున్నాను. ఎలాగో ముగించి బయటపడ్డాను. అప్పటినుంచి నలుగురిలో మాట్లాడాలంటే వారం ముందే భయం మొదలయ్యేది. మళ్ళీ వస్తుందేమో, మళ్ళీ వస్తుందేమో అని. గుమ్మం పక్కనే కూర్చునేవాణ్ణి. చేతిలో నీళ్ళ సీసా, జేబులో పుదీనా తైలం, పక్కన జుహార్. తర్వాత తర్వాత అసలు వెళ్ళడమే మానేశాను. పనుందని, సరుకుందని, లారీ అని. ఫోన్ కూడా అందుకే పడదు తల్లీ. మధ్యలో మాట పోతే ఎటూ పారిపోలేను.

ఇవన్నీ విని ఆవిడ, "మీ ఇంట్లో కుక్క ఉందా?" అంది. వేటకుక్క ఉంది, ఈమధ్య ఆకు రాలినా మొరుగుతోంది అన్నాను. నవ్వింది.

"మీ లోపలా అలాంటిదే ఒకటుంది దాతుక్. ప్రాణం కాపాడటానికే ఉంది, మంచిదే. పంది వస్తే మొరగాలి. గుండె వేగంగా కొట్టుకోవడం, చెమటలు, తిమ్మిర్లు, అదంతా పరిగెత్తడానికీ పోట్లాడటానికీ ఒళ్ళు సిద్ధమవడం. మీకు ఆకు రాలినా అది మొరుగుతోంది. అది మొరిగినప్పుడల్లా మీరు ఇల్లు వదిలి పారిపోతుంటే కుక్క ఏమనుకుంటుంది? నేను మొరిగాను కాబట్టే ఈయన బతికాడు, ఈసారి ఇంకా గట్టిగా మొరగాలి అనుకుంటుంది."

"అయితే నాకు పిచ్చి కాదా?"

"కాదు. భయం జబ్బు. చాలామందికి ఉంటుంది. చెప్పుకోరంతే."

"నమాజులో ఏమైనా లోపం చేశానా?"

"చెయ్యి విరిగితే నమాజూ చేస్తారు, కట్టూ కట్టించుకుంటారు కదా. దీనికీ అంతే."

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. లేదు అనబోయి ఆగాను. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, ఎప్పుడూ సంతకి వెళ్ళేది కాదు. ఎవరి పెళ్ళికీ వెళ్ళేది కాదు. "మీ అమ్మకి సిగ్గు" అనేవాడు మా నాన్న. మేమూ అదే అనుకున్నాం. డాక్టర్ రాసుకుంది. నేను మాత్రం ఆ గదిలో కూర్చుని మా అమ్మ కోసం ఏడ్చాను.

మందు ఇచ్చింది. రోజూ పొద్దున ఒక చిన్న మాత్ర. వెంటనే పని చెయ్యదు, కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కాస్త చిరాకుగా కూడా ఉంటుంది అంది. సంతలో ఒకాయన ఇస్తే నేను అప్పుడప్పుడు వేసుకుంటున్న నిద్రమాత్రలు తీసి చూపించాను. అవి ఆ పూటకి హాయిగా ఉంటాయి, అలవాటైపోతే వదలవు అని, రోజూ వేసుకోనందుకు సంతోషించి, ఆపించింది. మందుతో పాటు సాధన కూడా ఉందట. దాని గురించి తర్వాత రాస్తాను.

అఫ్రిజోన్ మీద నాకు ఏ కోపమూ లేదు. ఐసు ఫ్యాక్టరీ మీద కూడా లేదు. ఏటి అవతలివాళ్ళు ఏమీ చెయ్యలేదు. మీ ఇంటి పెద్ద ఏడీ అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి అన్నావు కదా. వస్తున్నాడు, కొంచెం నెమ్మదిగా వస్తున్నాడు అని చెప్పు.

మామయ్య


పెకన్‌బారు,
2002 జూన్ 13

మామయ్యా,

మీ ఉత్తరం స్టేషన్‌లో చదివాను. పాట వేసి చదువుతున్నాను, పాట అయిపోయింది, నేను చూసుకోలేదు. ఊరంతా నిశ్శబ్దం విన్నారు. మేనేజర్ పరిగెత్తుకొచ్చాడు.

నేను ఆ మాటలన్నీ అన్నందుకు నన్ను క్షమించండి. క్షమించకపోయినా అత్తయ్య చేత క్షమించానని అనిపించండి.

నేను ఆలోచించి అన్నీ సర్దేశాను. మీరు దేని గురించీ దిగులు పడకండి. గట్టిగా ఊపిరి తీసుకోండి, ఆ ఆలోచన రానివ్వకండి, వచ్చినా పట్టించుకోకండి. పెళ్ళిలో మీరు మాట్లాడక్కర్లేదు. చిన్నమామయ్యకి మాటలన్నీ రాసిచ్చి బట్టీ పట్టిస్తాను. పెళ్ళికొడుకుని తీసుకురావడానికి వాళ్ళింటికి కూడా మీరు వెళ్ళొద్దు. ఇంట్లో హాయిగా కూర్చోండి. అఫ్రిజోన్‌కి కూడా చెప్పాను. "అలాగే చేద్దాం, పాపం" అన్నాడు.

త్వరగా తగ్గిపోవాలని దువా చేస్తున్నాను.

మీ మర్ని


కోతో రావాంగ్,
2002 జూలై 7

మర్నికి,

ఆలస్యానికి కారణం కోపం. ఇప్పుడు లేదు, కాబట్టి రాస్తున్నాను.

అఫ్రిజోన్‌కి చెప్పావు. నన్ను అడిగావా? నీ ఉత్తరం వచ్చిన వారానికే దాతుక్ మారాజో సంతలో ఎదురుపడి, నా మొహంలోకి చూస్తూ, "ఒంట్లో ఎలా ఉంది దాతుక్?" అన్నాడు. ఆ అడగడంలో ఏదో ఉంది. ఏరు దాటి నా సంగతి అక్కడిదాకా పోయిందని అర్థమైంది. ఆ రోజు తలపాగా చుట్టుకోబుద్ధి కాలేదు.

దానికి తోడు మాత్రలు మొదలెట్టిన కొత్తలో చేతులు వణికాయి, నిద్ర పట్టలేదు, కడుపులో తిప్పింది. "ఇది మందా, విషమా?" అని పారేశాను. మీ అత్తయ్య ఏరి మళ్ళీ డబ్బాలో వేసింది. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ కోప్పడలేదు. "ముందే చెప్పాను కదా" అని, సగం మాత్ర నుంచి మళ్ళీ మొదలుపెట్టించింది. ఇప్పుడు సర్దుకుంది. బాగా తగ్గాక కూడా చాలా నెలలు వేసుకోవాలట, నా అంతట నేను మానెయ్యకూడదట.

ఇక సాధన. నువ్వు "ఆ ఆలోచన రానివ్వకండి" అన్నావు చూడు, సరిగ్గా దానికి తలకిందులు. రప్పించుకోమంటుంది ఆవిడ! ఆ గదిలో నన్ను తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పింది. ఆ తర్వాత సన్నటి గొట్టంతో ఊపిరి పీల్చమంది. గుండె దడదడలాడింది, కళ్ళు తిరిగాయి. అచ్చం అదే. "పోతున్నారా?" అని అడిగింది. పోలేదు. "మళ్ళీ తిరుగుదామా?" అంది. ఇంట్లో రోజూ పెరట్లో తిరగాలి. మీ అత్తయ్య కొబ్బరి కోరుతూ, "ఇంకొంచెం వేగంగా తిరగండి, పనిలో పని చెక్క కూడా ఆరుతుంది" అంటుంది. పక్కింటి ఆవిడ కంచె మీంచి చూసి దయ్యం పట్టిందని నిర్ధారణ చేసుకుంది.

తర్వాత మాటల సాధన. మొదట బాతుల ముందు. అవి మంచి శ్రోతలు కావు. ఆ తర్వాత మీ అత్తయ్య ముందు, ఆ తర్వాత అక్క ముందు. అక్కకి చెప్పేశాను. కంగారు పడలేదు. "అమ్మకీ ఇదేనన్నమాట" అంది.

పోయిన వారం ఇల్యాస్ కాఫీ కొట్టులో. అక్కడ డొమినో ఆడుతూ కూర్చునే మూక సంగతి నీకు తెలుసుగా. నీళ్ళ సీసా ఇంట్లో వదిలేశాను, పుదీనా తైలం వదిలేశాను, జుహార్‌ని రావొద్దన్నాను. అవి దగ్గరుంటే వాటివల్లే బతికామనుకుంటుందట నా లోపలి కుక్క. లోపలి వరసలో, అందరి మధ్యా కూర్చుని, పసంబహన్ మొదలుపెట్టాను.

"ఏంటి దాతుక్, ఎవరికి పెళ్ళి? ఈ కాఫీ గ్లాసుకా?" అన్నాడు ఇల్యాస్.

"అవున్రా. నీ అరటికాయ బజ్జీని అడగడానికొచ్చా."

"మా పిల్ల కాస్త మాడింది, పర్లేదా?"

"మావాడూ చేదే."

కొట్టంతా నవ్వు. ఆ నవ్వు మధ్యలోనే వచ్చింది. ఛాతీ, వేళ్ళు, అన్నీ. లేవలేదు. తగ్గించుకోవాలని చూడొద్దంది డాక్టర్. రానీ, ఉండనీ, మీ పని మీరు చేసుకోండి అంది. బజ్జీ తరఫున ఇల్యాస్ నోటికొచ్చినట్టు జవాబు చెబుతున్నాడు, నేను కొనసాగించాను. పెరిగింది, ఇంకా పెరిగింది, ఇక పెరగడానికి ఏమీ లేక మెల్లగా దిగిపోయింది. ఏడాదిగా నేనెప్పుడూ అది దిగేదాకా ఆగి చూడలేదు తల్లీ. ప్రతిసారీ అంతకుముందే పారిపోయాను.

అందుకే ఒకటి అడుగుతున్నాను. జుహార్‌కి రాసివ్వకు. నన్ను ఇంట్లో కూర్చోబెట్టకు. నువ్వు ప్రేమతో తెరిచిపెట్టే తలుపులన్నీ నాకు పారిపోయే తలుపులే.

మామయ్య


పెకన్‌బారు,
2002 జూలై 24

మామయ్యకి,

సలాం. మీరు చెప్పిన తలుపులన్నీ మూసేశాను. చిన్నమామయ్యకి రాసిన కాగితాలు చింపేశాను. ఆయన మీకంటే ఎక్కువ సంతోషించి ఉంటాడు.

మిమ్మల్ని అడగకుండా అఫ్రిజోన్‌కి చెప్పడం నా తప్పే. ఆ సంగతి అతనితో అంటే తెల్లబోయాడు. ఎవరికీ చెప్పలేదట. వాళ్ళ అమ్మకి కూడా చెప్పలేదట. "నేను నీతోనే సరిగ్గా మాట్లాడను, మా మామయ్యతో ఏం మాట్లాడతాను?" అన్నాడు. అది నిజమే, నేను సాక్ష్యం. వాళ్ళ దాతుక్ మిమ్మల్ని ఎందుకలా అడిగారో అతనికీ తెలీదు. పెద్దవాళ్ళు ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు కదా మామయ్యా, ఊరికే అడిగి ఉంటారు.

ఒక్క మాట. పెళ్ళిరోజు మీకు మధ్యలో వస్తే, మాట ఆగిపోతే, ఆగనివ్వండి. నాకు తప్పుల్లేని పసంబహన్ అక్కర్లేదు. మా మామయ్య వెళ్ళి అడిగి తెచ్చిన పెళ్ళికొడుకు కావాలి. ఎంత ఆలస్యమైనా ముస్తాబు చేసుకుని కూర్చునే ఉంటాను. మన పెళ్ళికూతుళ్ళు పెట్టుకునే ఆ బరువైన కిరీటంతో ఎలాగూ ఎక్కడికీ కదల్లేను.

మర్ని


కోతో రావాంగ్,
2002 సెప్టెంబర్ 29

మర్ని తల్లికి, అఫ్రిజోన్‌కి దీవెనలు.

మీరు క్షేమంగా చేరారని అక్క చెప్పింది. ఇల్లు బోసిగా ఉంది. పెళ్ళిలో మిగిలిన రెండాంగ్ మాంసం కూర ఇంకా తింటున్నాం, మీ అత్తయ్య రోజూ వేడిచేసి రోజూ కొత్తదంటుంది.

వెళ్ళే హడావుడిలో నువ్వు నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. పెళ్ళికొడుకుని తీసుకుని అంత ఆలస్యంగా ఎందుకొచ్చామో ఇప్పుడు చెప్తాను.

ఏరు దాటేటప్పుడే నాకు మొదలైంది. మొదలైందని పక్కన నడుస్తున్న జుహార్‌తో పైకే అన్నాను. "అయితే ఆగుదామా అన్నయ్యా?" అన్నాడు. "లేదు, అది కూడా మనతో వస్తుంది, పద" అన్నాను. వాళ్ళ మెట్లెక్కి లోపలికి వెళ్ళి నడిమధ్య చాప మీద కూర్చున్నాను. ఎదురుగా దాతుక్ మారాజో. రెండు వైపులా మనుషులు కిక్కిరిసి ఉన్నారు, వంటల వాసన, ఉక్క. తమలపాకుల పెట్టె ముందుకు జరిపి మొదలుపెట్టాను.

సగం దాకా బాగానే సాగింది. అబ్బాయిని మాతో పంపమని అడిగే చోట వచ్చింది. ఈసారి మామూలుగా రాలేదు. నాలుక ఎండిపోయింది, మాట పోయింది. చూపు గుమ్మం వైపు పోయింది. పోనిచ్చాను, మళ్ళీ తీసుకొచ్చి ఆయన మొహం మీద పెట్టాను. ఎవరో నీళ్ళ గ్లాసు జరిపారు. తీసుకోలేదు. రా, ఎంతసేపు ఉంటావో ఉండు అనుకున్నాను. గుండె కొట్టుకుంటూనే ఉంది. నువ్వు రాసిన మాట గుర్తొచ్చింది, ఆగనిచ్చాను.

అవతలివైపు ముసలివాళ్ళకి ఓపిక అయిపోయి గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు దాతుక్ మారాజో చెయ్యెత్తి వాళ్ళని ఆపి, తనూ కళ్ళు దించుకుని కూర్చున్నాడు. మీరు మాట్లాడేదాకా నేనూ మాట్లాడను అన్నట్టు. ఎంతసేపు అలా కూర్చున్నామో నాకు తెలీదు. తర్వాతి మాట దానంతటదే వచ్చింది. అక్కణ్ణుంచి చివరిదాకా పూర్తి చేశాను. ఆయన జవాబు చెప్పాడు. అబ్బాయిని మాతో పంపారు. తిరిగొస్తూ మనవాళ్ళంతా ఏమనుకుంటున్నారో తెలుసా? అబ్బాయిని అడిగే చోట మాట ఆపి అంత గంభీరంగా కూర్చోవడం ఏదో పాత పద్ధతి అట! జుహార్ తనకి కూడా నేర్పమన్నాడు.

ఇది ఇక్కడితో అయిపోతే ఈ ఉత్తరం రాయాల్సిన పనే లేదు.

మొన్న గురువారం సంతలో నా కొట్టు ముందుకి దాతుక్ మారాజో వచ్చాడు. చెక్క చుట్ట ఒకటి తీసి వాసన చూశాడు, పెట్టేశాడు. ఇంకోటి తీశాడు. ఆయనకి దాల్చినచెక్కతో ఏం పనో నాకు తెలీదు. చుట్టూ జనం పలచబడేదాకా ఉండి, దగ్గరికొచ్చి, పసంబహన్‌లో లాగే మొదలుపెట్టాడు. ఎగువన పుట్టిన నీరు దిగువకి ఎలా వస్తుందో, దారిలో రాయి అడ్డొస్తే ఎలా సుడి తిరుగుతుందో, అలా ఏదేదో.

"దాతుక్, మనం వియ్యంకులమయ్యాం. మామూలుగా చెప్పండి" అన్నాను.

చుట్ట కింద పెట్టాడు. "ఆ రోజు మీరు ఆగినప్పుడు మీ కళ్ళు గుమ్మం వైపు వెళ్ళాయి" అన్నాడు.

"వెళ్ళాయి."

"ఆ చూపు నాకు తెలుసు. మొదటిసారి మా మెట్ల దగ్గర్నుంచి మీరు వెనక్కి తిరిగిన రోజే అనుమానం వచ్చింది. అందుకే సంతలో అడిగాను. మీరు మొహం తిప్పుకుని వెళ్ళిపోయారు." మళ్ళీ చుట్ట చేతిలోకి తీసుకుని, "పెళ్ళినాడు మీరు నీళ్ళు కూడా తాగలేదు. ఎలా కూర్చోగలిగారు?" అన్నాడు.

డాక్టర్ యెట్టి గురించి చెప్పాను. మాత్ర గురించి, కుర్చీ గురించి, బాతుల గురించి చెప్పాను. నవ్వలేదు. నా మీద కోపం తెచ్చుకున్నవాడిలా వింటూ ఉన్నాడు. చివరికి తన సంగతీ చెప్పాడు. పదేళ్ళుగా ఆయన పసంబహన్ మాటలు మొదలవడానికి ముందు వాళ్ళ పెరట్లో వాంతి చేసుకుని వస్తాడట. ఇంట్లో ఎవరికీ తెలీదట. మనందరం ఆయన గొంతుకి హడలిపోతూ కూర్చున్న ఆ పదేళ్ళూ!

ఈ సంగతి నీకు రాయొచ్చా అని ఆయన్నే అడిగాను. ఈసారి అడిగే రాస్తున్నాను, చూసుకో. "మీ మర్నికి రాయండి, మా వాడికి నేనే చెప్పుకుంటాను" అన్నాడు. కాబట్టి ఆయన చెప్పేదాకా నువ్వు నోరు మెదపకు. ఇది అఫ్రిజోన్‌కి చదివి వినిపించకు. రేడియోలో అసలే వద్దు.

నాకు పూర్తిగా తగ్గిందని అనను. వచ్చే వారం ఒక చావువిందులో మాట్లాడాలి, ఇప్పటికే లోపలి కుక్క మొరుగుతోంది. మొరగనీ.

ఆ రోజు సంతలో దాతుక్ మారాజోని బుకిట్టింగ్గికి, ఆ డాక్టర్ దగ్గరికి నాతో రమ్మని అడిగాను. జవాబు కోసం మళ్ళీ ఎగువ నీటి దగ్గర్నుంచి మొదలుపెడతాడనుకున్నాను.

"భయమేస్తోంది దాతుక్" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆయన నోట అంత చిన్న మాట నేనెప్పుడూ వినలేదు. చెక్క మూటలు పక్కకి జరిపి, నా పక్కన కూర్చోడానికి చోటిచ్చాను.

మామయ్య